దూలం కింద ఒకే గొంతు

గుత్తిలో ఇంటికి కట్టె కొన్నవాళ్లెవరిని అడిగినా తిప్పయ్య గురించి ముందు చెప్పే మాట ఒక్కటే, "ఆయప్పకు కోపం జాస్తి" అని. అది నిజమే, దాచాల్సిన పని లేదు. టీ చల్లారిపోయి వస్తే కోపం. లారీవాడు దారికి అడ్డంగా బండి పెడితే కోపం. చివరికి ఎండ మీద కూడా కోపమే. ఈ సీమలో ఎండ మీద అలగడం మొదలుపెడితే ఏడాదిలో పది నెలలు మూతి ముడుచుకునే కూర్చోవాలని భార్య రామాంజినమ్మ దెప్పుతూ ఉంటుంది.

కానీ ఇప్పుడు చెప్పబోయే కోపం అటువంటిది కాదు. ఇది తెలియాలంటే ముందు దూలం ఎలా మోస్తారో తెలియాలి.

రైల్వే గేటు దాటాక ఉన్న కోత మిల్లులో తిప్పయ్య ముప్పై ఏళ్లుగా కట్టె మోస్తున్నాడు. కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారిపోయింది. దాని మీది చర్మం ఎద్దు మెడలాగా కాయ కట్టింది. పద్నాలుగు అడుగుల టేకు దూలం మూడు క్వింటాళ్లకు తగ్గదు. దాన్ని నలుగురు ఎత్తుతారు, నలుగురూ కుడి భుజం మీదే. దించేటప్పుడు నలుగురూ ఒక్కసారే ఎడమకు తప్పుకోవాలి, కట్టె కుడికి పడాలి. ఒక్కడు ముందుగా వదిలాడా, ఆ బరువు వాడి వెనకాల ఉన్నవాడి కాలు తీసేస్తుంది. అందుకని వెనక కొసన ఉన్నవాడు కేక వేస్తాడు. వాడికి ముగ్గురి వీపులూ కనిపిస్తాయి. మిగతా ముగ్గురూ వాడి గొంతు మీద నడుస్తారు.

ఆ మిల్లులో ఆ గొంతు తిప్పయ్యది. దాన్ని నేర్పింది శ్రీరంగప్ప అనే ముసలాయన. పోయి పన్నెండేళ్లయింది. ఆయన రెండు కట్టుబాట్లు పెట్టి పోయాడు.

మొదటిది, దూలం భుజాల మీద ఉన్నంతసేపూ కేకవాడు తప్ప ఇంకెవరూ నోరు తెరవకూడదు. "రెండో గొంతు వినబడితే నీకు చెవుడు అనుకో" అనేవాడు శ్రీరంగప్ప. దించే కేకలో 'దించు' అనే మాటే ఉండకూడదు. ఎందుకంటే ఆ మాట లోకంలో ప్రతివాడూ అంటాడు. లారీవాడు అంటాడు, కొనేవాడు అంటాడు, దారిన పోయే ముసలమ్మ కూడా జాలిపడి "దించుకోండి నాయనా" అంటుంది. కేక మాత్రం వేరు. 'చూసుకో' అంటే కాళ్ల దగ్గర చూసుకోవాలి. 'వంచుకో' అంటే మోకాళ్లు వంచాలి. 'గంగమ్మా!' అంటే వదలాలి. గంగమ్మ పేరు వినబడేదాకా ఆకాశం విరిగి మీద పడినా భుజం కదలకూడదు.

రెండోది, కొత్తగా వచ్చినవాడికి నలభై దినాలు భుజం ఇవ్వకూడదు. వాడు కట్టె మీద చెయ్యి వేసి పక్కన నడవాలి, అంతే. బలం చాలక కాదు. చెవి కుదరాలి.

పాత సావుకారుకు ఇవన్నీ తెలుసు. ఆయన మర్యాద అటువంటిది మరి, దూలం లేచిందంటే తన మిల్లులో తానే నోటికి టవలు అడ్డం పెట్టుకుని గోడవారకు జరిగేవాడు. రెండేళ్ల కింద ఆయన పక్షవాతంతో మంచం పట్టాడు. కొడుకు నరేంద్ర మిల్లు ఎక్కాడు. బళ్లారిలో ఏదో చదివి వచ్చిన మనిషి. వచ్చీరాగానే ముందుభాగంలో గాజు తలుపుల షోరూము కట్టించాడు, దాని ముందర మెరిసే టైల్స్ వేయించాడు. ఆ టైల్స్ మీద ఎవరు కాలు పెట్టినా చెప్పులు విప్పారా లేదా అని చూస్తాడు. నోరు మాత్రం ఊరుకోదు. ఫోనులో మాట్లాడుతూ కూడా పనివాళ్లకు చేతులూపి ఏదో ఒకటి పురమాయిస్తూనే ఉంటాడు.

ఈ జట్టులో ఐదుగురు ఉండేవాళ్లు. తిప్పయ్య, బాషా, హరినాథ్, నరసింహప్ప, కొత్తగా చేరిన ఓబిలేష్. ఓబిలేష్‌ది పామిడి పక్క పల్లె. ముప్పై ఐదేళ్లుంటాయి. వరసగా మూడేళ్లు వేరుశనగ ఊడలు దిగే దశలోనే ఎండిపోతే జీవాలను అమ్ముకుని గుత్తికి వచ్చాడు. మంచి ఒడ్డూ పొడుగూ మనిషి. ఎవరేమన్నా "సరే సామీ" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా తిప్పయ్యకు లోపల ఏదో గీరుకున్నట్టు ఉండేది.

ఓబిలేష్ చేరిన తొమ్మిదో దినం నరసింహప్ప జ్వరంతో రాలేదు. లారీ నిండా కట్టె దిగాలి. నరేంద్ర ఆఫీసులోంచి మూడుసార్లు బయటికి వచ్చాడు.

"ఏమప్పా తిప్పయ్యా, ఆడొక మనిషి గుంజమాదిరి నిలబడుకోని ఉండాడు గదా! ఆయప్పకు భుజం లేదా?"

"నలభై దినాలు కాలేదు."

"ఏంది, బాలింతనా ఆయప్ప? నలభై దినాలంట!"

లారీ డ్రైవరు పగలబడి నవ్వాడు. ఓబిలేష్ తలొంచుకున్నాడు. తిప్పయ్యకు ఒళ్లు మండింది. ఆ మంటలో చేయకూడని పని చేశాడు. "రాప్పా ఓబిలేషూ, ముందర పట్టు" అన్నాడు.

ఇది గుర్తుపెట్టుకోండి. తిప్పయ్య మరిచిపోలేదు.

ముందు ఓబిలేష్, వాడి వెనకాల హరినాథ్, తర్వాత బాషా, చివర తిప్పయ్య. నాలుగు దూలాలు చక్కగా దిగాయి. ఐదోది భుజాల మీద ఉండగా పుట్టపర్తిలో లాడ్జి కట్టిస్తున్న ఒక ఆసామి కారు దిగాడు. నరేంద్ర ఆయన్ను వెంటబెట్టుకుని గబగబా వచ్చి, కట్టె నడిచే దారి పక్కన నిలబడి గట్టిగా అరిచాడు.

"ఏయ్, ఆగండి! ఈడనే దించండి! సారు కట్టె మీది చార చూస్తాడంట!"

తిప్పయ్య అడుగు తప్పలేదు. బాషా, హరినాథ్ తప్పలేదు. రెండో గొంతుకు వాళ్లకు నిజంగానే చెవుడు. కానీ ఓబిలేష్ పుట్టినప్పటినుంచీ పొలం ఎవరిదైతే వాళ్ల మాట వినడమే నేర్చుకున్నాడు. సావుకారు దించమన్నాడు, వాడు దించేశాడు. భుజం కిందికి లాగేసుకుని ఎడమకు గెంతాడు.

ముందు కొస నేలకు కొట్టుకుని ఎగిరింది. హరినాథ్ కూలబడ్డాడు. దూలం దొర్లి వాడి కుడి కాలి మీదికి వచ్చింది. ఎముక విరిగిన చప్పుడు కోత రంపం మోతలో కూడా వినబడింది. నరేంద్ర చేసిన మొదటి పని ఆ ఆసామిని చేయి పట్టుకుని షోరూము లోపలికి తీసుకుపోవడం. దాన్ని తిప్పయ్య కళ్లారా చూశాడు.

హరినాథ్‌ను అనంతపురం పెద్దాసుపత్రిలో చేర్చారు. మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. కాలు ఉంటుందో తీసేయాలో వారం పోతేగానీ చెప్పలేమన్నారు. కాలు విరిగిన మూడో దినం సాయంత్రం తిప్పయ్య చూడబోయాడు. వార్డు బయట హరినాథ్ భార్య ఈశ్వరమ్మ కూర్చుని ఉంది. ఎప్పుడూ "రా అన్నా" అనే మనిషి ఆ రోజు లేవలేదు.

"అన్నా, దించండి అని నువ్వే కేకేసినావంట గదా?"

"ఎవరమ్మా చెప్పింది?" అన్నాడు తిప్పయ్య.

"చిన్న సావుకారు వచ్చి చెప్పినాడు. ఆ కొత్త మనిషి కూడా పక్కనే ఉండి అవునన్నాడు. పదారేళ్లన్నా నీ గొంతు కింద నడిచినాడు నా మొగుడు. పదారేళ్లు." ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.

లోపల హరినాథ్ మందు మత్తులో ఉన్నాడు. తిప్పయ్య వాడి మంచం దాకా పోయి, పిలవకుండానే తిరిగి వచ్చేశాడు. గుత్తి బస్సులో కిటికీ పక్కన కూర్చుని పళ్లు కొరుక్కున్నాడు. ఇప్పటిదాకా వచ్చిన కోపాలన్నీ నోట్లోంచి అరుపుగా బయటికి పోయేవి. ఇది పోలేదు. అరికాలి నుంచి నెత్తిదాకా ఎక్కి అక్కడే నిలబడిపోయింది. నరేంద్ర అబద్ధం ఆడినందుకు కోపం. ఓబిలేష్ దానికి తలూపినందుకు కోపం. అన్నిటికన్నా ఎక్కువగా, తన గొంతు మీద ఇన్నేళ్లలో ఎవరూ వేయని నింద వేశారని కోపం. ముగ్గురు మనుషులు కళ్లు మూసుకుని నమ్మితేనే అది గొంతు. నమ్మకం పోయాక అది ఒట్టి అరుపు.

మరునాడు పొద్దున్నే నరేంద్ర ఆఫీసులోకి పిలిచాడు. టైపు చేసిన కాగితం ముందర పెట్టాడు. తిప్పయ్య కూడబలుక్కుని చదివాడు. 'నేను పొరపాటున దించండి అని కేక వేసినందువల్ల' అని ఉంది. కింద ఓబిలేష్ అప్పటికే సాక్షిగా వంకర అక్షరాలతో సంతకం చేసి ఉన్నాడు.

"దించండి అని రాసినారే," అన్నాడు తిప్పయ్య మెల్లగా. "ముప్పై ఏండ్లలో ఒక్కతూరి ఆ మాట నా నోట్లోంచి విన్నారా?"

"ఏదో ఒక మాటలేప్పా. మాటదేముండాది? లేబరు ఆఫీసరు వస్తాండాది. జట్టువాళ్ల పొరపాటని ఉంటే మిల్లు మీదికి రాదు. మిల్లుంటేనే గదా మీకందరికీ కూడు?"

"హరినాథు కాలు?"

"దేవుడు చూసుకుంటాడు."

తిప్పయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి టవలులో చుట్టుకున్నాడు. చింపలేదు, సంతకమూ పెట్టలేదు. బయటికి వస్తే ఓబిలేష్ రంపం పొట్టు ఎత్తుతూ కనబడ్డాడు. తిప్పయ్య వాడి ముందర నిలబడ్డాడు. వాడు తల ఎత్తలేదు.

"ఎవురి గొంతుకు దించినావు?"

"అన్నా... నాకింగ యాడా పని లేదన్నా."

"నేనడిగింది అది కాదు."

వాడు పొట్టు ఎత్తుతూనే ఉన్నాడు. చెంప మీద కొట్టాలని తిప్పయ్య చెయ్యి లేచింది. కానీ తొమ్మిదో దినం వాడిని ముందుకు రమ్మని పిలిచింది తానేనన్నది గుర్తొచ్చి దిగిపోయింది.

కాలు విరిగిన ఎనిమిదో దినం ఆఫీసరమ్మ వచ్చింది. సునంద అని పేరు. కార్మిక శాఖ మనిషి, నలభై ఏళ్లుంటాయి, చేతిలో ఫైలు తప్ప ఇంకేమీ లేదు. నరేంద్ర కుర్చీ వేయించి, కొబ్బరినీళ్లు తెప్పించి, జరిగింది గడగడా చెప్పేశాడు. ఆమె అంతా రాసుకుంది. తర్వాత తిప్పయ్య వైపు తిరిగింది.

"మీరేమంటారు?"

"నేను చెబితే నమ్ముతారా మేడమ్? ఆయప్పకు సాక్షి ఉండాడు. నా దగ్గర నోరు తప్ప ఏమీ లేదు."

ఆమె ఫైలు మూసింది. "నేను ఎప్పుడూ దగ్గరగా చూడలేదు. అసలు దూలం ఎలా మోస్తారో ఒకసారి చూపించండి" అంది.

మిల్లు వెనకాల ఆ దూలమే పడి ఉంది, అంచున చిన్న చీలికతో. అప్పటికి నరసింహప్ప జ్వరం తగ్గి పనికి వచ్చాడు. తిప్పయ్య జట్టును పిలిచి చోట్లు చెప్పాడు. "ఓబిలేషూ, నువ్వు ముందర."

"కొత్తోడెందుకప్పా ముందర?" అన్నాడు నరేంద్ర.

"ఆ పొద్దు ఉండింది ఆయప్పే గదా."

బాషా తన చోటికి, మూడోదానికి, పోబోయాడు. తిప్పయ్య వాడిని చివరికి పొమ్మన్నాడు. నరసింహప్పను మూడో చోట పెట్టి, తాను వచ్చి ఓబిలేష్ వెనకాల నిలబడ్డాడు. హరినాథ్ నిలబడిన చోటు అది.

"నీది వెనకాల గదన్నా?" అన్నాడు బాషా.

"ఈ పొద్దు ఈడ. కేక మాత్రం నాదే."

బాషాకు అర్థమైంది. ముఖం మారిపోయింది. ఓబిలేష్ వెనక్కి తిరిగి చూశాడు. వాడి కళ్లు తిప్పయ్య కాళ్ల మీదికి పోయి, మళ్లీ ముందుకు తిరిగాయి.

"పట్టు... లేపు... హే!" దూలం లేచింది. నాలుగు కుడి భుజాల మీద కూర్చుంది. "నడు... నడు... రాయి ఉండాది, దాటు... నడు."

అప్పుడు గొంతు వేరే అవుతుంది తిప్పయ్యది. అందులో కోపం ఉండదు. మామూలుగా ఎప్పుడూ పేలే మనిషేనా ఈయన అనిపిస్తుంది. ఆ రోజు మాత్రం గొంతు కింద, గుండెల్లో, కోపం అలాగే ఉంది. అది ఏం చేయాలో కూడా దానికి తెలుసు. మిల్లు వెనక నుంచి రంపం దగ్గరికి మామూలు దారిలో లారీ నిలబడి ఉంది. లారీని తీయమని అడగొచ్చు. తిప్పయ్య అడగలేదు. కావాలనే ఎడమకు తిప్పి, షోరూము ముందర మెరిసే టైల్స్ పక్కగా పట్టించాడు. నరేంద్ర నోరు ఎంతసేపు ఊరుకుంటుందో ఆయనకు తెలుసు.

సగం దారి వచ్చాక తిప్పయ్య చూశాడు, ముందరి వీపు వణుకుతోంది. తొమ్మిది దినాలు మాత్రమే చెవి పెట్టినవాడి వీపు. వీడు మళ్లీ దించితే? తన కాలు పోతే పోయింది, అందుకు సిద్ధపడే నిలబడ్డాడు. కానీ వెనకాల నరసింహప్ప ఉన్నాడు, జ్వరం తగ్గి రెండు దినాలు. కోపంలో ఆయన్ను లెక్కలోకే తీసుకోలేదు. నిన్నటిదాకా నరేంద్రను తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు తిప్పయ్య తనను తాను తిట్టుకున్నాడు. వెనక్కి తిప్పే వీలు లేదు. దూలం అటూ ఇటూ తిరగదు.

"నడు... నడు..."

ముందు కొస టైల్స్ అంచు మీదికి వచ్చింది.

"ఏయ్! ఏయ్! టైల్స్ పగుల్తాయిరా! యాడికి పోతాండారు? దించండి! ఈడనే దించండి!"

మిల్లంతా వినబడేలా అరిచాడు నరేంద్ర. అరిచాక తనకే తెలిసినట్టుంది, చెయ్యి నోటి దగ్గరికి పోయింది.

ఓబిలేష్ మోకాళ్లు ఒక్కసారి వంగాయి. భుజం మీద కట్టె అంగుళం కిందికి జారింది. ఆ బరువు తిప్పయ్య మెడ మీదికి వచ్చి పడింది. ఆయన నోరు తెరవలేదు. ఏ కేకా వేయలేదు. తన గొంతు లేకుండా వీడు నిలబడతాడా లేదా, అదే చూడాలనుకున్నాడు.

ఓబిలేష్ నిలబడ్డాడు.

మోకాళ్లు మెల్లగా నిటారుగా లేచాయి. మెడ నరాలు తాళ్లలా పొంగాయి. వాడు ఏడుస్తున్నాడని భుజాల కుదుపును బట్టి తిప్పయ్యకు తెలిసింది. కానీ దూలం కదల్లేదు. నలుగురు మనుషులు ఎండలో, మెరిసే టైల్స్ మీద, రాయిలా నిలబడి ఉన్నారు. ఆఫీసరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

ఆమె సావుకారును చూసింది. తర్వాత దూలాన్ని చూసింది.

తిప్పయ్య ఐదు ఊపిరులు ఆగాడు. "నడు" అన్నాడు అప్పుడు. టైల్స్ దాటి, రంపం దగ్గర ఇసుక నేల మీదికి తీసుకుపోయాడు. "చూసుకో... వంచుకో... గంగమ్మా!" నాలుగు భుజాలు ఒక్కసారి ఎడమకు తప్పుకున్నాయి. దూలం కుడికి పడింది. నేల అదిరింది.

ఓబిలేష్ అక్కడే కూలబడ్డాడు. ఎవరూ అడగకముందే, "సావుకారు గొంతుకే దించినా మేడమ్, ఆ పొద్దు. అన్న ఏమీ అనలేదు. నేను సంతకం పెట్టిన కాగితం అబద్ధం" అన్నాడు.

తిప్పయ్య టవలులోంచి మడతల కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది మీ ఫైల్లో పెట్టుకోండి. దీని పక్కనే ఇంగో మాట రాసుకోండి మేడమ్. దించండి అన్నది ఆయప్ప. కానీ నలభై దినాలు నిండని మనిషికి భుజం ఇచ్చింది నేను. లారీవాడు నవ్వినాడని ఇచ్చినా. హరినాథు కాలికి నేనూ పూచీ. అది గూడా రాయండి."

"అది చెప్పకపోయినా నడిచేది" అంది ఆమె మెల్లగా.

"నడవదు. ఈశ్వరమ్మకు నేను మొగం చూపించాల."

ఆమె రాసుకుంది. కారు ఎక్కి పోయింది. కారు మలుపు తిరిగేదాకా నరేంద్ర చేతులు కట్టుకుని నిలబడి, తర్వాత ఒక్కసారి అందుకున్నాడు. ఆయన నోటికి వచ్చిన మాటలన్నీ ఇక్కడ రాస్తే కాగితం పాడవుతుంది. చివర మాత్రం, "రేపట్నుంచి ఒక్కడు గూడా రావాకండి" అన్నాడు.

తిప్పయ్య టవలు దులిపి భుజాన వేసుకుని గేటు వైపు నడిచాడు. బాషా, నరసింహప్ప వెంట నడిచారు. గుత్తిలో కోత మిల్లు ఇదొక్కటే కాదు. కట్టె ఎక్కడున్నా భుజం కావాలి.

గేటు దాటాక వెనకాల అడుగుల చప్పుడు వినబడింది. ఓబిలేష్. ఆయన పక్కకు రాకుండా రెండడుగులు వెనకే ఆగాడు.

"అన్నా, రేపు నేను యాడ నిలబడాల?"

తిప్పయ్య ఆగాడు. కోపం ఇంకా చల్లారలేదు. చల్లారుతుందని ఆయనకు నమ్మకం కూడా లేదు. ఆసుపత్రిలో మంచం మీద హరినాథ్ కాలు అలాగే ఉంది.

"తొమ్మిది దినాలే అయింది నీకు. ఇంగ ముప్పై ఒకటి ఉండాయి. కట్టె మీద చెయ్యేసి పక్కన నడువు," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "అంతకుముందు పొద్దున్నే అనంతపురం బస్సెక్కు. నన్ను అన్న మాట అబద్ధమని ఈశ్వరమ్మకు నీ నోటితో నువ్వు చెప్పు."

"సరే సా..." అనబోయి ఓబిలేష్ ఆగిపోయాడు.

"చెబుతానన్నా" అన్నాడు.